మాలపల్లి నోట్సు

గుంటూరు అరండల్‌పేటలో ఒక స్టేషనరీ కొట్టు అలమరలో వరసగా పేర్చిన లాంగ్ నోట్సుల్లో నేనొకదాన్ని. ఒక నవల మీద వ్యాసం రాయడానికి నన్ను కొన్నది ఎం.ఏ. తెలుగు చదివే అమ్మాయి. తెనాలి పక్క పల్లెటూరు వాళ్ళది. అట్ట మీద తన పేరు రాసుకోలేదు. ‘మాలపల్లి’ అని మాత్రం రాసింది. నాకు అదే పేరైంది.

ఉన్నవ లక్ష్మీనారాయణ గారు సహాయ నిరాకరణ రోజుల్లో రాయవేలూరు జైల్లో ఉండి రాసిన నవల అది. 1922లో అచ్చయితే మరుసటి ఏడే మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. 1936లో మళ్ళీ నిషేధం పడింది. 1937లో రాజాజీ మంత్రివర్గం వచ్చాక గానీ చెర విడలేదు. ఇదంతా నా మొదటి పేజీలో నాలుగు వరసల్లో సరిపోయింది. తర్వాత ఆమె ఈ చరిత్ర జోలికి పెద్దగా పోలేదు, నాకది నచ్చింది. వ్యాసంలో సగం రచయిత జీవిత చరిత్రే ఆక్రమిస్తే ఇక నవలకు చోటెక్కడ?

మొదటిసారి నవల చదివినంతసేపూ నన్ను తెరవనే లేదు. కథ కోసం చదివింది, రామదాసు ఇంటి కష్టాలకు కళ్ళు తుడుచుకుంది. రెండోసారి మొదలుపెట్టినప్పుడు నన్ను ఒళ్ళో పెట్టుకుంది. ఎడమ పేజీ నవలకు, కుడి పేజీ తనకు. ఎడమ వైపు పుట సంఖ్య, ఎవరు ఎవరితో అన్నారు, ఏం జరిగింది. కుడి వైపు తనకొచ్చిన అనుమానం. ఒకచోట ఎడమ వైపు ఇలా ఉంటుంది: ‘సంగదాసు, చౌదరయ్య ఇంట్లో పాలేరు. రామానాయుడు, ఆ ఇంటి కొడుకు, సంగదాసుకు స్నేహితుడు.’ దానికెదురుగా కుడి వైపు: ‘ఈ స్నేహం పొలంలో ఉన్నట్టే ఇంటి వాకిట్లో కూడా ఉందా?’ ఆ ప్రశ్న కింద రెండుసార్లు గీత గీసింది. పెన్ను ఒత్తిడికి వెనక పేజీ దాకా గుర్తు పడింది.

ఇలా సగం నిండాక నన్ను డిపార్ట్‌మెంటుకు తీసుకెళ్ళింది. ‘మాలపల్లిలో కుల సమస్య’ అన్న శీర్షిక దగ్గర మేడమ్ ఆగారు.

“విషయం చెప్పావు, బాగుంది. దాని మీద నువ్వేమంటావమ్మా?”

“అంటరానితనం అన్యాయమని నవల చెబుతోందంటాను మేడమ్.”

“కాదనేదెవరు? నవల చదివినవాడు లేచి నీతో వాదానికి దిగేటట్టు ఒక మాట చెప్పు. ఆ మాట నిలబెట్టడానికే మిగతా వ్యాసమంతా.”

ఆమె వ్యాసం నిజంగా మొదలైంది అక్కడే అంటాను. ఆ రాత్రి హాస్టల్లో నాలో మూడు నిలువు గళ్ళు గీసింది. అన్నీ సహించి భక్తిలో ఊరట వెతుక్కునే రామదాసు ఒక గడి. పదిమందినీ కూడగట్టి, చదువు చెప్పి, మాటతోనే మార్చాలనుకునే సంగదాసు ఒక గడి. తక్కెళ్ళ జగ్గడై కలవాళ్ళను దోచి లేనివాళ్ళకు పంచే వెంకటదాసు మూడో గడి. ఒకే కప్పు కింద తండ్రీ ఇద్దరు కొడుకులూ, మూడు దారులు. నవలకు ‘సంగవిజయం’ అని ఇంకో పేరుంది. కథ ఎంతో మిగిలి ఉండగానే చౌదరయ్య దెబ్బకు సంగదాసు ప్రాణం పోతుంది. మరి విజయం ఎవరిది? ఆ ప్రశ్నతో ఆమె చాలాసేపు కూర్చుంది.

‘ఈ నవల అహింసను సమర్థిస్తుంది’ అని ముందు రాసుకుంది. దాని కింద తనే ఎదురు వాదం పెట్టింది: జగ్గణ్ణి రచయిత తప్పుపట్టింది ఎక్కడ? ఆ పుటలన్నీ మళ్ళీ తిరగేసింది. తన మాటకు అడ్డొచ్చే సాక్ష్యాన్ని తనే వెతికి రాసుకునే మనిషి చేతిలో పడినందుకు నాకు గర్వంగా ఉంటుంది. చివరికి నిలిచిన వాక్యం ఇది: ‘నవల నమ్మింది సంగదాసు దారినే, అయితే ఆ దారి మూసేసిన పెద్దలే జగ్గణ్ణి తయారుచేశారని కూడా అది చూపిస్తుంది.’

సెలవులకు ఇంటికెళ్ళినప్పుడు నన్నూ వెంట తీసుకెళ్ళింది. నవల్లోని కూలి తగాదా ఆమెకు పుస్తకం మీదే అర్థమైంది, కడుపుకు తెలియలేదు. అరుగు మీద కూర్చున్న తాతను అడిగింది. “తాతా, కూలి గింజలుగా ఇస్తే ఏంటి, డబ్బుగా ఇస్తే ఏంటి?” ఆయన చిన్నప్పుడు పాలేరుగా చేసినవాడు. “గింజలిస్తే ధర ఎటు పోయినా పొయ్యి వెలుగుద్దమ్మా. డబ్బులిస్తే ధర పెరిగిన రోజు సగం కడుపే,” అన్నాడు. ఆ మాట వ్యాసంలోకి ఎక్కలేదు. కానీ అది విన్నాక కూలి గురించి ఆమె రాసిన పేరాకు బలం వచ్చింది.

రామానాయుడి భార్య కమల మీద నాలో బోలెడు రాత ఉంది, అందంగా కూడా ఉంది. తన వాదానికి సంబంధం లేదని ఆమె అదంతా పక్కన పెట్టేసింది. ఎత్తి రాసుకున్న మాటల్లోనూ తను వివరించగలిగినవే ఉంచి మిగతావి కొట్టేసింది. ఇంత కూర్చుకున్నాక ఇంత వదులుకోవడమే ఈ పనిలో అన్నిటికన్నా కష్టమని నాకు తెలిసొచ్చింది.

హాస్టల్లో చాలామంది దగ్గర గైడు ఉంది. అందులో కథాసారం, పాత్రల పట్టిక, రచయిత గొప్పతనం అన్నీ సిద్ధంగా ఉంటాయి. చదివిన మనిషికి కలిగిన అనుమానం మాత్రం ఉండదు. అందుకని ఈ ఏడు ఏదైనా నవల మీద వ్యాసం రాయబోతున్న పిల్లలకు ఒక్క మనవి. గైడు డబ్బులతో నాలాంటి నోట్సొకటి కొనుక్కోండి. మొదటిసారి నవలను నవలలాగే చదవండి. రెండోసారి చదివేటప్పుడు పెన్ను మూత తీయండి.