సెట్‌బ్యాక్‌లో అపార్ట్‌మెంట్

2023 నవంబరులో ఆ ఆదివారం అహ్మదాబాద్‌లో క్రికెట్ ప్రపంచ కప్పు పోయింది సరే, అంతకు రెండ్రోజుల ముందే నెట్‌ఫ్లిక్స్ కొరియన్ సినిమా ‘బిలీవర్ 2’ తెచ్చి నెత్తిన పెట్టింది. దీన్ని సీక్వెల్ అనకండి. మొదటి సినిమాలో ఆఖరి సీనుకీ, దాని ముందు సీనుకీ నడుమ జరిగిన కథట ఇది!

అపార్ట్‌మెంట్లలో బతికేవాళ్లకి విడమర్చి చెప్పక్కర్లేదు. సెట్‌బ్యాక్‌లో కట్టడం అంటే ఇదే.

2018లో లీ హే-యంగ్ అనే దర్శకుడు ‘బిలీవర్’ అనే చక్కటి ఇల్లు కట్టాడు. స్థలం సొంతం కాదు, హాంకాంగ్ జానీ టో ‘డ్రగ్ వార్’ పునాది మీదే లేపాడు. అయినా నిలబడింది. ఎవరూ మొహం చూడని డ్రగ్స్ డాన్ మిస్టర్ లీ, వాడి కోసం తిండీ నిద్రా మానేసిన పోలీసు వోన్-హో, దారి చూపించే కుర్రాడు రాక్. చివర్లో నార్వే మంచులో ఒంటరి ఇల్లు, లోపల వోన్-హో, రాక్ ఇద్దరూ, బయటికి వినిపించిన తూటా. పోయిందెవరో చెప్పడు. కాస్త గాలీ వెలుతురూ ఆడాలని ఆ జాగా వదిలాడు.

అయిదేళ్లు ఖాళీగా కనిపించేసరికి బిల్డర్లకి నిద్ర పట్టలేదు. గోడకీ గోడకీ మధ్య రెండు గంటల అపార్ట్‌మెంట్ లేపేశారు.

ఎలివేషన్‌కి మాత్రం వంక పెట్టలేం. వోన్-హోగా చో జిన్-వూంగ్ నడుస్తుంటే ఏళ్ల తరబడి నిద్రలేని మనిషే నడుస్తున్నట్టుంటుంది. చా సుంగ్-వోన్ కాలిన ఒంటితో కూడా ఠీవి వదల్లేదు. ‘పెద్ద కత్తి’గా హాన్ హ్యో-జూ అయితే, అందగత్తెగా తెచ్చుకున్న పేరునంతా గుమ్మం బయటే విడిచి వచ్చింది. ఇన్ని పిల్లర్లుండీ ఇల్లు ఊగుతోందేమిటా అని పైకి చూస్తే శ్లాబు లేదు.

ఇక కొత్త అద్దెదారు. రాక్‌గా చేసిన ర్యూ జున్-యోల్ ఈసారి రాలేదు, ఓ సుంగ్-హూన్‌ని దింపారు. ఆ అబ్బాయి తప్పేం లేదు. కానీ కథ మధ్యలోది కదా! కుర్రాడు ఒక మొహంతో బయల్దేరి, రెండు గంటలు ఇంకో మొహంతో తిరిగాడని మనం సర్దుకోవాలి. దర్శకుడు బేక్ జోంగ్-యోల్‌కి ఇది అలవాటేలెండి. 2015లో ‘ద బ్యూటీ ఇన్‌సైడ్’ తీసిందీ ఆయనే, అందులో హీరో రోజుకో మొహంతో నిద్ర లేస్తాడు. అక్కడ మొహం మారడమే కథ, ఇక్కడ డేట్లు కుదరకపోతే కథ.

ఇవన్నీ ఒక ఎత్తు. కొత్త బిల్డింగుకి దారి కావాలి కాబట్టి పాత ఇంటి పట్టానే రద్దు చేశారు. మొదటి సినిమా చూసి మనం మిస్టర్ లీ అనుకున్నవాడు మిస్టర్ లీ కాడట, అసలాయన వేరే ఉన్నాడట. అయిదేళ్లుగా ఆ కాగితం భద్రంగా దాచుకున్నవాళ్లు ఏ ఆఫీసు చుట్టూ తిరగాలి?

తిరగక్కర్లేదు, క్రమబద్ధీకరణ అయిపోయింది. ‘నటన అద్భుతం, కథనం కాస్త బలహీనం, ఒకసారి చూడొచ్చు.’ రెండు స్టార్లు అపరాధ రుసుము కోసేసి ఓసీ చేతిలో పెట్టేశారు సమీక్షకులు.

ఈ ‘కాస్త బలహీనం’ దగ్గరే నాకు ఒళ్లు మండుతుంది. కథ పాపం తనంతట తాను నీరసపడలేదు. మొదటిదానికి కొరియాలో 50 లక్షలకు పైగా టికెట్లు తెగాయి, పేరున్న మొహాలున్నాయి, రాతదేముందిలే అని ఎవరో నిర్ణయించారు. మొదటి సినిమాలో జిన్ హా-రిమ్‌గా వణికించిన కిమ్ జూ-హ్యోక్ అది విడుదలయ్యేలోపే, 2017 అక్టోబరులో కారు ప్రమాదంలో పోయాడు. ఆ పాత్రకి బ్లూ డ్రాగన్ అవార్డు వచ్చేసరికి తీసుకోవడానికి మనిషి లేడు. అంతటి నటుడు ప్రాణం పెట్టిన కథ అది. దాని కీలకాన్ని తిరగరాయడానికి హక్కుల కాగితం మీద సంతకం ఉంటే చాలా? తూటా ఎవరికి తగిలిందో చెప్పమని మేమేమైనా అర్జీ పెట్టుకున్నామా? తెలియకపోయినా మేం హాయిగానే ఉన్నాం, వాదులాడుకున్నాం, మళ్లీ మళ్లీ చూశాం. ఆ దర్శకుడు మమ్మల్ని బుర్ర ఉన్నవాళ్లుగా లెక్కేశాడు. మీరు వేయలేదు. పైగా దానికి నెలనెలా మా దగ్గరే డబ్బులు తీసుకుంటున్నారు.