మేడ మీద మోక్షం

మానవజాతికి ఇక బెంగ లేదు. భూగోళం వేడెక్కనీ, ధ్రువాల మంచు కరగనీ, 2022 నవంబరులో 800 కోట్లకు చేరిన జనాభా ఇంకో 200 కోట్లు పెరగనీ, కంగారు పడాల్సిన పని లేదు. కూకట్‌పల్లిలోనూ గాజువాకలోనూ బెజవాడ బెంజి సర్కిల్ వెనక సందుల్లోనూ మేడల మీద రక్షణ ఏర్పాట్లు చురుగ్గా సాగుతున్నాయి. వాటర్ ట్యాంకుకూ డిష్ యాంటెన్నాకూ మధ్య, ఆకుపచ్చ నెట్టు నీడలో, గ్రో బ్యాగులు బారులు తీరి ఉన్నాయి. వాటిలో మూడు వంకాయలు కాశాయి. నాలుగోది పిందె దశలో ఉంది. పిందె ఫోటో పొద్దున్నే వాట్సాప్‌లో వచ్చింది, మధ్యాహ్నం ఇంకో కోణంలో మళ్లీ వచ్చింది.

మొక్కలు పెంచుకునేవాళ్లతో నాకు పేచీ లేదు. ఇంట్లో కరివేపాకు రెబ్బ తుంచుకోవడంలో సుఖం ఉంది, సాయంత్రం పూట తడిమట్టి వాసనలో ఇంకా ఉంది. పేచీ అంతా ఆ ఫోటో కింద రాసే వ్యాఖ్యానంతోనే. ‘మార్కెట్‌తో మాకు పని లేదు. మా తిండి మేమే పండించుకుంటున్నాం. ప్రతి ఇల్లూ ఇలా చేస్తే ఆకలి ఉండదు, మందులు కొట్టిన కూరలు ఉండవు, రాబోయే తరాలు బతుకుతాయి.’ పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని సామెత. మేడ మీది చెట్టు మాత్రం ఏకంగా ప్రపంచానికే వైద్యం మొదలుపెట్టేసింది.

సరే, కాగితం తీద్దాం. 150 గజాల ఇల్లు. ఎకరానికి 4,840 గజాలు కాబట్టి మేడ మొత్తం మూడు సెంట్ల పైచిలుకు. ట్యాంకు, మెట్ల గది, బట్టల దండెం, సోలార్ పలకలు, వడియాలు పెట్టుకునే చోటు అన్నీ మరిచిపోయి మూడు సెంట్లూ వరి మడే అనుకుందాం. స్లాబు కారదని కూడా అనుకుందాం. దిగుబడి దగ్గర పిసినారితనం వద్దు. ఎకరానికి పాతిక క్వింటాళ్ల ధాన్యం దిగే మంచి చేను లెక్కే మేడకూ ఇచ్చేద్దాం. సెంటుకు పాతిక కిలోలు, మూడు సెంట్లకు 75. మర ఆడిస్తే 50 కిలోల బియ్యం. అంటే కిరాణా కొట్టు నుంచి వచ్చే పాతిక కిలోల బస్తాలు రెండు. చుట్టాలెవరూ రాకపోతే నలుగురున్న ఇంటికి రెండు నెలల గ్రాసం. పంట చేతికి రావడానికి నాలుగు నెలలు పడుతుంది. మిగతా రెండు నెలలు రాబోయే తరాలు పస్తుంటాయి.

ఈ లెక్క చూపిస్తే, ‘మేం అన్నం మానేశామండీ, మాదంతా కూరగాయలే’ అంటారు. ఇంకా మంచిది. వంద గ్రాముల టమాటాలో ఉండేది 18 కేలరీలు. మనిషికి రోజుకు రెండు వేలు కావాలనుకుంటే పదకొండు కిలోల టమాటాలు తినాలి. నలుగురికి 44. అవి నమలడానికే పొద్దు గూకుతుంది, ఇక మొక్కలకు నీళ్లు పోసేదెప్పుడు?

పూర్వం మొక్క నాటాలంటే మట్టి కావలసి వచ్చేది. ఇప్పుడు మట్టి తప్ప అన్నీ కావాలి. కొబ్బరి పీచు పొట్టును, అదే కోకోపీట్‌ను, ఇటుకలా బిగించి పంపిస్తారు. ఇంటికొచ్చాక దాన్ని బకెట్లో వేసి, ఉప్పు వదిలేదాకా నీళ్లు మార్చి మార్చి కడగాలి. గనిలో తవ్వి, కొలిమిలో కాల్చి ఉబ్బించిన వర్మిక్యులైట్ కలపాలి. అది కాకపోతే అదే పద్ధతిలో ఉబ్బిన పెర్లైట్ కలపాలి. వేపపిండి, ఎముకల పొడి, సముద్రపు నాచు ద్రావణం సరేసరి. ప్రతిదీ ఓ ప్లాస్టిక్ పొట్లంలో, ఆ పొట్లం ఓ అట్టపెట్టెలో, పెట్టెకు చుట్టూ టేపు. నెట్టు ప్లాస్టిక్, బ్యాగు ప్లాస్టిక్, డ్రిప్ పైపు ప్లాస్టిక్. కొన్ని ఎండాకాలాలు తిరిగేసరికి ఆ బ్యాగులు పీలికలై పక్కింటి మేడ మీదికి ఎగిరిపోతాయి. బెండ గింజ రెండాకులు వేసేలోపు చెత్తబుట్ట నిండుతుంది. మెట్ల గది తలుపు మీద మాత్రం ‘జీరో వేస్ట్’ అని బోర్డు ఉంటుంది.

ఎరువు సంగతి వేరే చెప్పుకోవాలి. ప్రకృతి సేద్య ప్రచారకుడు సుభాష్ పాలేకర్ చెప్పిన జీవామృతం కొలత చాలామందికి తెలిసిందే. 200 లీటర్ల నీళ్లలో 10 కిలోల ఆవు పేడ, గోమూత్రం, బెల్లం, పప్పుల పిండి, గుప్పెడు పొలం మట్టి. అది ఎకరం చేనుకు చెప్పిన కొలత. కొట్టంలో ఆవు ఉండి, గట్టు మీద చెట్టు నీడ ఉన్న మనిషికి చెప్పిన కొలత. ఆ డ్రమ్ము అయిదో అంతస్తుకు లిఫ్టులో వెళ్లాక ఏం జరుగుతుందో ఏ అపార్ట్‌మెంటు సెక్రటరీనైనా అడగండి. వేసవిలో మూత తీసిన రోజే అసోసియేషన్ అత్యవసర సమావేశం జరుగుతుంది. అక్కడ ప్రకృతి సేద్యం ఒకవైపు, నాలుగో అంతస్తు ముక్కులన్నీ ఒకవైపు. ఆవు దొరకనివాళ్లకు ఆన్‌లైన్‌లో పిడకలు ఉన్నాయి, నున్నగా, గుండ్రంగా, డజను లెక్కన. వాటిని మోసుకొచ్చే కుర్రాడు పెట్టె మీద రేటు చూసి, ఊళ్లో గోడ నిండా పిడకలు కొట్టే తన నానమ్మ ఎంత ఆస్తిపరురాలో మొదటిసారి తెలుసుకుంటాడు.

ఇక నీళ్లు. హైదరాబాదు కుళాయిలోకి వచ్చేది నాగార్జునసాగర్ నుంచి నూరు కిలోమీటర్లకు పైగా పంపులు ఎత్తిపోసిన కృష్ణ, ఎల్లంపల్లి నుంచి అంతకంటే దూరం నడిచొచ్చిన గోదావరి. మళ్లీ మోటారు పెట్టి దాన్ని మేడ మీది ట్యాంకుకు ఎక్కిస్తాం. అక్కడ కాసిన టమాటా మనకు ‘స్థానిక ఆహారం’. సాగర్ కాలువ చివరి భూముల్లో నీళ్లందక నారు ఎండిపోయే ఏడాది కూడా మేడ మీద డ్రిప్ టైమర్ ఠంచనుగా తెరుచుకుంటుంది. ఏప్రిల్ వచ్చి బోరు ఎండితే ట్యాంకర్ పిలుస్తాం. ట్యాంకర్ నీళ్లతో పండిన తోటకూర కట్ట ధర ఎంత పడిందని అడగడం మర్యాద కాదు. అడిగితే ‘ఆరోగ్యానికి వెల కట్టగలమా’ అంటారు.

వెల కట్టగలరని 2023 జులైలో తేలింది. టమాటా కిలో 150 దాటి, కొన్నిచోట్ల 200 ముట్టింది. ఆ నెలంతా మేడల మీద విజయోత్సవం. గిన్నెడు కాయల ముందు దీపం పెట్టి ఫోటో తీసినవాళ్లున్నారు. ‘చూశారా, మేం ఎప్పుడో చెప్పాం’ అన్న ధీమా ఆకాశం అంటింది. అదే టమాటాకు మదనపల్లెలోనో పత్తికొండలోనో కోత కూలి కూడా గిట్టక రైతు ట్రాక్టరు లోడు రోడ్డు మీద కుమ్మరించే రోజులు దాదాపు ఏటా వస్తాయి. ఆ రోజుల్లో మేడ మీద నిశ్శబ్దం. ధర పెరిగితే ఇంటి తోట గొప్ప, ధర పడిపోతే రైతు ఖర్మ. స్వయంసమృద్ధి అంటే ఇదే కాబోలు. రైతుతో పని లేదన్నవాళ్లే ఆదివారం రైతు బజారులో రూపాయి తగ్గించమని గీచి గీచి బేరమాడుతుంటారు, అదీ ఇంటి నుంచి తెచ్చుకున్న గుడ్డ సంచీ గర్వంగా చంకన తగిలించుకుని.

తోటలు మనుషుల్ని ఆదుకోలేదా అంటే, ఆదుకున్నాయి. యుద్ధం రోజుల్లో, 1943 ప్రాంతంలో, అమెరికాలో దాదాపు రెండు కోట్ల ఇంటి తోటలు ఉన్నాయని, ఆ దేశం తిన్న తాజా కూరగాయల్లో 40 శాతం వాటిదేనని అప్పటి అంచనా. సోవియట్ యూనియన్ కూలిపోయి చమురూ ఎరువులూ ఆగిపోయినప్పుడు క్యూబా హవానా నగరంలోని ఖాళీ స్థలాలన్నిట్లో కాయగూరలు వేసింది. అయితే అమెరికాకు గోధుమ పండించింది ఆ పెరళ్లు కావు. క్యూబా ఈనాటికీ తినే బియ్యంలో ఎక్కువ భాగం దిగుమతి చేసుకునేదే. మన దగ్గర 1965లో లాల్ బహదూర్ శాస్త్రి వారానికి ఒక పూట భోజనం మానమని దేశాన్ని అడిగారు, తన అధికార నివాసంలో పచ్చికను దున్ని పంట వేశారు. ఆయన మనసు గొప్పది. కానీ ఆ ఏళ్లలో ఆకలి తీర్చింది అమెరికా నుంచి ఓడల్లో దిగిన గోధుమలు. ఆ తర్వాత తీర్చింది పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావు లాంటి రైతులు 1967లో ధైర్యం చేసి వేసిన ఐఆర్-8 వరి. ఇవాళ మన కంచంలో సన్నన్నంగా తింటున్న సాంబ మసూరి బాపట్ల పరిశోధన కేంద్రంలో బీపీటీ 5204 అనే నంబరుతో పుట్టి 1986లో పొలాలకు వచ్చింది. దాని ఫోటో కింద ఎవరూ హృదయం బొమ్మ పెట్టిన గుర్తు లేదు.

తిండి అలవాట్లు కూడా మారాయట. మారాయి, ఒప్పుకుంటాను. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరం చేశాక కొర్రలకూ అండుకొర్రలకూ పట్టుచీర కట్టినట్టు ప్యాకింగ్ వచ్చింది. పాలమూరు ఇళ్లలో జొన్నరొట్టె తినడం పేదరికం గుర్తనుకుని జనం దాన్ని వదిలేస్తుంటే, అదే రొట్టె హైటెక్ సిటీలో కత్తీ ఫోర్కులతో సహా ప్రత్యక్షమైంది. మారినది తిండా, తినేవాళ్లా అన్నది ఇంకెప్పుడైనా చూద్దాం.

దూరదృష్టి ఉన్నవాళ్లు ఇంకాస్త పైకి పోయారు. 2024 డిసెంబరు 30న శ్రీహరికోట నుంచి ఎగిరిన పీఎస్‌ఎల్‌వీ-సీ60తో ఇస్రో ఎనిమిది బొబ్బర్ల గింజలు పంపింది. నాలుగు రోజుల్లో అవి అంతరిక్షంలో మొలకెత్తాయి, తర్వాత ఆకులు వేశాయి. శాస్త్రవేత్తలు దాన్ని ప్రయోగం అన్నారు, అక్కడితో ఆగారు. మేడ మీది మేధావులు మాత్రం ఆగలేదు. భూమి పాడైతే అంగారకుడి మీద అలసంద వడలు వేసుకోవచ్చని వాళ్లు అప్పుడే తీర్మానించారు. అక్కడికీ కోకోపీట్ తీసుకెళ్లాలి కాబోలు.

నన్ను నిజంగా మండించేది ఇవేవీ కావు. ఇంతగా కాపాడుతున్న భవిష్యత్తు ఎక్కడ కట్టిన మేడ మీద ఉందన్నదే నా బాధ. శంకర్‌పల్లి, మొయినాబాద్, చేవెళ్ల వైపు వెళ్లండి. హైదరాబాదుకు ఆకుకూరలు, వంకాయలు, పూలు తెల్లారకముందే చేరవేసిన ఊళ్లవి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చెరువుల్ని కాపాడడానికి 1996లో తెచ్చిన 111 జీవో 84 గ్రామాల్లో కట్టడాలకు కళ్లెం వేసింది. జీవో చెరువుల కోసమే వచ్చినా, దాని చలవతో కొన్ని కూరగాయల మళ్లు కూడా బతికాయి. 2022లో ఆ ఆంక్షలు ఎత్తేస్తూ ఇంకో జీవో వచ్చింది. ఆ రోజు మన గ్రూపుల్లో తిరిగిన మెసేజీలు తోటల గురించి కావు, గజం రేటు గురించి. కృష్ణ ఒడ్డున ఉండవల్లి, పెనుమాక రైతులు ఏడాదికి మూడు పంటలు పండే భూమి రాజధానికి ఇవ్వమని మొండికేస్తే, ‘అభివృద్ధికి అడ్డుపడుతున్నారు’ అని తిట్టినవాళ్లలో ఇంటి తోటల ప్రచారకులు కూడా ఉన్నారు. మూడు సెంట్ల స్లాబు మీద పండితే అది భవిష్యత్తు. మూడు పంటలు పండే నల్లరేగడి అయితే అది ల్యాండ్ బ్యాంకు.

ఊరి బయట తోటకూర మడిలోకి పొక్లెయిన్ దిగుతుంది. పై మట్టి లారీల్లో తరలిపోతుంది. గ్రావెల్ పోస్తారు, రోలర్ తిప్పుతారు, తెల్లరాళ్లు పాతుతారు, ముఖద్వారం దగ్గర ఖర్జూరపు చెట్లు నిలబెడతారు. ఆర్గానిక్ లివింగ్ అన్న మాట లేకుండా అచ్చేసిన వెంచర్ బ్రోచర్ ఈ మధ్య నా కంటపడలేదు. రేపో మాపో ఓ ఆఫర్ కూడా వస్తుంది. రిజిస్ట్రేషన్ చేయించుకున్న ప్రతి కుటుంబానికీ మేడ తోట కిట్ ఉచితం. పది గ్రో బ్యాగులు, ఓ కోకోపీట్ ఇటుక, టమాటా గింజల పొట్లం, నీళ్లు పోయడానికి చిన్న మగ్గు. కింద సన్న అక్షరాల్లో షరతులు ఉంటాయి: మట్టి విడిగా కొనుక్కోవలెను.