మూడు మాటల మూలానికి కోటగిరి వ్యాఖ్య

మూలము: బ్యాండ్‌విడ్త్ లిమిట్ ఎక్సీడెడ్.

అవతారిక: మెదక్ దగ్గరి కొల్చారం పేరే ఇంటిపేరైన కోలాచల మల్లినాథసూరి కాళిదాసుకు సంజీవిని, భారవికి ఘంటాపథం, మాఘుడికి సర్వంకష రాశాడు. మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ముందే ఒట్టు పెట్టుకున్నాడు. ఈ వ్యాఖ్యాత ఆ ఒట్టు పెట్టుకోలేదు. ఆయనకు దొరికినవి మహాకావ్యాలు. నాకు దొరికింది మే నెలాఖరున కోటగిరిలో, ఫోను తెర మీద, తెల్లటి పేజీలో నల్లటి మూడు మాటలు. అక్కరలేనిది చెప్పకపోతే వ్యాఖ్య నాలుగు పంక్తులకే ముగుస్తుంది.

సందర్భమేమనగా, మా పదో తరగతి బ్యాచ్ సమ్మేళనం జరిగింది. ఫొటోలు పెట్టడానికి మా మేనల్లుడు ఒక వెబ్‌సైటు కట్టాడు. రెండో నాడు పొద్దున దుబాయ్ నుంచి ఫోను: "అరే, ఫొటోలు కనవడ్తలేవు. ఏందో ఇంగ్లీషుల రాసున్నది." ఆ రాసి ఉన్నదే మూలము.

ప్రతిపదార్థము: బ్యాండ్‌విడ్త్ = పట్టీ వెడల్పు; లిమిట్ = హద్దు; ఎక్సీడెడ్ = దాటబడినది.

ఇక్కడ పూర్వపక్షి లేచి నిలబడతాడు. "అయ్యా, బ్యాండ్‌విడ్త్ అంటే సెకనుకు ఎన్ని బిట్లు పోగలవన్న లెక్క. అది వెడల్పు. వెడల్పు నెలాఖరుకు అయిపోవడమేమిటి? రోడ్డు మీద బండ్లు ఎక్కువ తిరిగితే రోడ్డు సన్నబడుతుందా?"

న్యాయమైన ఆక్షేపణ. ఈ మాట రాసినవాడు మంజీర ఆయకట్టులో పెరిగినవాడు కాడు. పెరిగి ఉంటే రెండు కొలతలు కలిపేవాడు కాడు. 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ కింద సాగు చేసే రైతును ఎవరినైనా లేపి అడగండి. క్యూసెక్కు వేరు, టీఎంసీ వేరు. క్యూసెక్కు పారకం: సెకనుకు ఒక ఘనపుటడుగు. టీఎంసీ నిలువ: వంద కోట్ల ఘనపుటడుగులు. కాలువలో రోజంతా 11,574 క్యూసెక్కులు పారితే ఒక టీఎంసీ ఖర్చు. నిజాంసాగర్ మొదట్లో 30 టీఎంసీల దాకా పట్టేది. పూడిక చేరి ఇప్పుడు 17.8 అంటారు. అయినా కాలువ వెడల్పు అయిపోయిందని ఇక్కడ తూములు కాసే ఏ లష్కరూ ఎన్నడూ చెప్పలేదు. నీళ్లు అయిపోయాయని చెప్పాడు.

హోస్టింగ్ కంపెనీ నెలకు ఇన్ని జీబీలని కొలిచి ఇచ్చేది టీఎంసీ. దానికి పెట్టిన పేరు క్యూసెక్కుది.

సమాధానము: ఇది లక్షణ. 'గంగలో గొల్లపల్లె' అన్నప్పుడు పల్లె నీళ్లలో ఉందని కాక గంగ ఒడ్డున ఉందని తీసుకుంటాం గదా, అట్లాగే వెడల్పు అన్నచోట అందులోంచి పోయిన సరుకు అని తీసుకోవాలి. అయితే లక్షణకు రూఢి గానీ ప్రయోజనం గానీ ఉండాలని శాస్త్రం. గొల్లపల్లె మాటకు ప్రయోజనం చల్లదనం, పావనత్వం. ఇక్కడి ప్రయోజనం కొన్నవాడికి అర్థం కాకపోవడం. ఏళ్ల తరబడి అర్థం కాక కాక అదే రూఢి అయింది.

'ఎక్సీడెడ్' అన్నది కర్మణి ప్రయోగం. దాటబడినది సరే, దాటిందెవరు? కర్త లేడు. చాలా సర్వర్లలో దీని కిందే సన్న అక్షరాల్లో ఒక ఉపవాక్యం ఉంటుంది: సైటు యజమాని 'అతని లేక ఆమె' హద్దు చేరుకున్నందున మీ కోరిక తాత్కాలికంగా తీర్చలేము, తర్వాత ప్రయత్నించండి, అని. కర్త అక్కడ దొరికాడు. లింగమేదో తేలలేదు గానీ నేరం మాత్రం తేలింది. పెళ్లికి మంది ఎక్కువొచ్చారని వంటవాడు పందిట్లో నిలబడి, పెళ్లిపెద్ద దగ్గర బియ్యం లేవండీ అని అరిచినట్టు. ఇది ధ్వనికావ్యమని వేరే చెప్పాలా.

పాఠాంతరములు: కొన్ని ప్రతులలో ఈ మూలానికి ముందు 509 అన్న అంకె కనబడుతుంది. 404, 503 వలె అది ప్రమాణ పట్టికలో చేరిన అంకె కాదు, కొన్ని సర్వర్లు సొంతంగా పెట్టుకున్నది. ప్రక్షిప్తమని పండితులు తోసేయవచ్చు. కొందరు హోస్టింగ్‌వాళ్లు మూలమంతా తీసేసి 'ఖాతా నిలిపివేయబడినది' అని పెడతారు. కొందరు సైటు ఆపరు, బిల్లు పెంచుతారు. 'అన్‌లిమిటెడ్' అన్న పాఠం కూడా ఉన్నది; దాని పక్కన చుక్క గుర్తు ఉంటుంది, ఆ చుక్కకు అడుగున వ్యాఖ్య ఉంటుంది, అది మూలాన్ని రద్దు చేస్తుంది. 2009లో మూతబడిన జియోసిటీస్‌లో ఉచిత సైట్లకు గంటల లెక్కన కోటా ఉండేది. దాటితే ఆ గంటకు బంద్, పై గంటకు మళ్లీ పారకం. కాలువ నీళ్లు వంతులవారీగా వదిలే వారబందీయే. అది మేలనిపిస్తుంది నాకు.

ఇక హద్దు దాటిన తీరు. మాది నెలకు 10 జీబీల ప్లాను. ఫొటోలు 120. ఫోనులో తీసినవి తీసినట్టే ఎక్కించాడు మావాడు, ఒక్కోటి 4 ఎంబీలు. అన్నీ ఒకే పేజీలో. తెర మీద తపాలా బిళ్లంత కనిపించేవి. మావాడు కుదించింది బొమ్మ కొలతనే, ఫైలును కాదు గనక దిగేది మాత్రం పూర్తి బరువే. పేజీ ఒకసారి తెరిస్తే 480 ఎంబీలు. ఇరవై మంది చూసేసరికి 9,600. మిగిలింది 400. అంటే, ఫొటోలు వరసగా దిగాయనుకుంటే, ఇరవై ఒకటో మనిషికి నూరో ఫొటోతో తూము మూసుకుంది. గ్రూపు ఫొటో 113వది. దుబాయ్ నుంచి ఫోను చేసినవాడు ఇరవై ఒకటోవాడు. సెలవు పెట్టి వచ్చి, గ్రూపు ఫొటో దిగి, ఆ రాత్రే విమానమెక్కినవాడు. కాలువ చివరి ఆయకట్టు అంటే ఏమిటో వాడికి నేను చెప్పనక్కరలేదు, వాళ్ల పొలమూ అక్కడే.

"మామా, దొంగ మోటార్లు వెట్టిన్రేమో" అన్నాడు మేనల్లుడు. అదీ ఉంటుంది. ఇంకొకరి పేజీలో మన బొమ్మను మన సర్వర్ నుంచే చూపిస్తే నీళ్లు మనవి, పంట వాళ్లది. వెతుకుడు యంత్రాల బాట్లు కూడా వచ్చి తాగి పోతాయి. మా లెక్కల పుస్తకంలో అటువంటి దొంగ ఎవడూ దొరకలేదు. దొరికింది మా ఫొటోల బరువే.

ఫొటోలను ఒక్కోటి 200 కేబీలకు దించాడు మావాడు. పేజీ 24 ఎంబీలకు వచ్చింది. అదే 10 జీబీలలో 416 మంది చూడవచ్చు. బ్యాచ్ మొత్తం అరవై మందిమి.

కాలనిర్ణయము: 'తాత్కాలికంగా' అన్న పదానికి హోస్టింగ్‌వాళ్ల నిఘంటువులో అర్థం ఒకటో తేదీ వరకు. మే 31 రాత్రి పన్నెండు దాకా మేలుకొని కూర్చున్నాం, శివరాత్రి జాగారంలాగా. తెరుచుకోలేదు. సర్వర్ ఉన్నది అమెరికాలో, టెక్సాస్‌లో. మాకు జూన్ 1 పొద్దున పదిన్నరయితే గానీ అక్కడ అర్ధరాత్రి కాదు. పేరు ఇక్కడ, సరుకు అక్కడ. మాకు ఇదీ కొత్త కాదు: కోటగిరి జిల్లా నిజామాబాద్, నియోజకవర్గం బాన్సువాడ, ఆ బాన్సువాడేమో 2016 నుంచి కామారెడ్డి జిల్లాలో ఉంది.

తాత్పర్యము: ఓ చూడవచ్చినవాడా, నీకంటే ముందు వచ్చినవాళ్లు తోడుకొని పోయారు, కడవ మాది చిన్నది, కడవలో రాళ్లు వేసిందీ మేమే, పేరు మాత్రం కాలువ వెడల్పుకు వచ్చింది, అని భావము.

పొద్దున పదిన్నరకు సైటు తెరుచుకుంది. అప్పటికి ఎవరో వాట్సాప్‌లో ఫొటోలన్నీ పంపేశారు. అది మనల్ని అడక్కుండానే బొమ్మను కుదిస్తుంది. జూన్ నెల మొత్తానికి మా సైటులో ఖర్చయింది 96 ఎంబీలు. అంటే నలుగురు. అందులో ఇద్దరం నేనూ మా మేనల్లుడూ.