తొమ్మిది ముక్కల బొంత: ఒక శాస్త్ర పరిశీలన

చిరుగుపట్టిన చీరలను, పంచెలను, లుంగీలను పొరలుగా పేర్చి, అవి లోపల కదిలి ఉండలు కట్టకుండా పెద్ద సూదితో వరుసగా కుట్టిన పక్కబట్టను బొంత అంటారు. చీపురుపల్లి వంటి ఊళ్ళలో ఇది నులకమంచంపై పరుపుగానూ, పుష్యమాసపు చలిలో దుప్పటిగానూ, కనకమహాలక్ష్మి అమ్మవారి జాతరకు చుట్టాలు దిగినప్పుడు నేలమీద పదిమందికీ ఉమ్మడి పక్కగానూ మూడు ఉద్యోగాలు చేస్తూ, ఒక్కదానికీ జీతం అడగని వస్తువు.

బొంత కొలతను ఏ పండితుడూ నిర్ణయించలేదు, చీరే నిర్ణయించింది. అయిదున్నర మీటర్ల చీరను మూడు మడతలు పెడితే ఒక్కొక్క మడత దాదాపు ఆరడుగుల పొడవు, నాలుగడుగులకు కాస్త తక్కువ వెడల్పు వస్తుంది గనుక, ఒక చీరతో ఒక మనిషి పడుకోవడానికి సరిపోయే మూడు పొరలు కత్తెర పెట్టకుండానే సిద్ధమవుతాయి. పైపొరకూ అడుగుపొరకూ రంగు నిలిచిన చీరలను ఎంచుతారు. నలుగురికీ చూపించలేని లుంగీలు, దిండు గలీబులు, సగం కాలిన ఇస్త్రీ గుడ్డలు లోపొరల్లో చేరి, మళ్ళీ కుట్టు విప్పేదాకా పరువుగా బతుకుతాయి.

పైపొరను ముక్కలతో అల్లదలచిన వారికి అన్నిటికన్నా తేలికైనది తొమ్మిది ముక్కల చదరం, అనగా నిలువుకు మూడు, అడ్డానికి మూడు చొప్పున సమాన చతురస్రాలను కలిపి కుట్టిన గళ్ళ పలక. ముక్కను నాలుగున్నర అంగుళాలకు కోసి, నాలుగు వైపులా పావేసి అంగుళం కుట్టులోకి విడిస్తే నాలుగు అంగుళాలు మిగులుతాయి. తొమ్మిది ముక్కలు కలిస్తే సరిగ్గా అడుగు చదరం అవుతుంది. నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు గల బొంతకు 24 చదరాలు, అంటే 216 ముక్కలు కావాలి. ప్రతి చదరంలో నడుమనూ నాలుగు మూలలనూ ముదురు రంగువి అయిదు, మిగిలిన చోట్ల లేత రంగువి నాలుగు పెట్టడం ఆచారం.

లెక్క ఇంతటితో ముగిసి, రాజకీయం మొదలవుతుంది. నడుమ ముక్క ఎవరి చీరదన్న ప్రశ్నకు గణితంలో సమాధానం లేదు గనుక, అనుభవజ్ఞులు అత్తగారి చీరను నడుమనూ, కోడలి పుట్టింటి చీరను నాలుగు మూలలనూ పెడతారు. అప్పుడు 24 ముక్కలతో అత్తగారికి అధ్యక్షస్థానం, 96 ముక్కలతో కోడలికి అంతకు నాలుగింతల బలం దక్కగా, మామగారి తెల్లపంచెలు మిగిలిన 96 చోట్లా చేరి, యథాప్రకారం ఏమీ మాట్లాడకుండా మద్దతు ఇస్తాయి. పత్రికలవారు సంకీర్ణ ప్రభుత్వాలను అతుకుల బొంత అని ఎద్దేవా చేయడం ఈ దృష్టితో చూస్తే బొంతకే అవమానం, ఎన్.టి. రామారావు అధ్యక్షత వహించిన నేషనల్ ఫ్రంట్ పక్షాన 1989 డిసెంబరులో ఏర్పడిన కేంద్ర ప్రభుత్వం మరుసటి నవంబరుకే పడిపోయింది, సరిగ్గా కుట్టిన బొంత అంతకన్నా ఎక్కువ చలికాలాలే చూస్తుంది.

ఈ కళకు నిజమైన శత్రువులు ఇద్దరు. మొదటివాడు పాతబట్టలకు స్టీలుసామాను ఇచ్చే వర్తకుడు. అతని కేక వీధిలో వినిపించగానే బొంతకు దాచిన మూట ఒక గిన్నెగా మారిపోతుంది. రెండవది పాలియెస్టరు చీర. నూలుబట్ట ఉతికిన కొద్దీ, బండమీద బాదిన కొద్దీ గంజి వదిలి, పోగు సడలి మెత్తబడుతుంది, చెమటను పీల్చుకుంటుంది. చీపురుపల్లి నుంచి రైలులో ఆముదాలవలస వైపు వెళ్తే దారిలో తగిలే పొందూరులో, వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి వడికిన ఖాదీ పంచె నలిగిపోయిన తరువాత ఏ లోపొరకైనా రాజయోగమే. పాలియెస్టరు మాత్రం చెమటను పీల్చదు, సూదికింద నిలవక జారుతుంది, అన్నిటికీ మించి ముసలితనాన్ని ఒప్పుకోదు. చిరగని చీరతో బొంత కుట్టేదెలా?

బొంతకు శత్రువులే కాదు, గౌరవమూ ఉంది: అమెరికాలోని అలబామా రాష్ట్రంలో గీస్ బెండ్ అనే పల్లెలో నల్లజాతి స్త్రీలు పొలం పనికి తొడిగి అరిగిన బట్టలతో కుట్టిన బొంతలు మ్యూజియములకు ఎక్కాయి, 2006లో అక్కడి తపాలా బిళ్ళలపైకీ వచ్చాయి. మరోవైపు, ఇప్పుడు కొత్త గుడ్డను చతురస్రాలుగా ముందే కోసి, కట్టలుగా కట్టి అమ్మే అంగళ్ళు వెలిశాయి; నిండుగా ఉన్న బట్టను డబ్బిచ్చి కోయించుకుని, మళ్ళీ శ్రమపడి అతికించడం నాగరికత అనిపించుకోవచ్చు గాని, పొదుపు అనిపించుకోదు. కనుక బొంత కుట్టదలచినవారు ముందుగా కొనవలసినది కత్తెరా సూదీ కాదు, రెండు మంచి నూలుచీరలు. వాటిని అయిదారేళ్ళు కట్టి, నలిపి, ఉతికి, స్టీలుగిన్నెల వాడి కంట పడకుండా దాచగలిగితే, సగం బొంత పూర్తయినట్లే.