బిగించినవాడే మొదట నడపాలి

మొన్న సంక్రాంతికి మా చెల్లెలి మనవడు హైదరాబాదు నుంచి కారులో వచ్చాడు. ఇంటి ముందు బండి ఆపీ ఆపకముందే, "తాతయ్యా, కొత్త స్టీరింగ్ వేయించాను, కూర్చుని చూడు" అంటూ తలుపు తీసి పట్టుకున్నాడు. కూర్చున్నాను. చిన్న చక్రం. కింది భాగం కోసేసినట్టు బల్లపరుపుగా ఉంది. నల్లటి మెత్తని తోలు, ఎర్ర దారంతో కుట్టు. చేతికి ఇంపుగానే ఉంది, కాదనను. కానీ నడిమధ్యన రూపాయి బిళ్ళకి కాస్త పెద్దదైన హారన్ బటన్ తప్ప ఇంకేమీ లేదు.

"ఎయిర్‌బ్యాగ్ ఏదిరా?" అన్నాను.

"డిక్కీలో ఉంది తాతయ్యా."

డిక్కీ తీయించాను. స్టెప్నీ పక్కన, జాకీకి ఆనుకుని, పాత పేపర్లో చుట్టి బోర్లా పడేసి ఉంది. పండగ పూట ఇంటినిండా మనుషులు, పిండివంటలు. నాకు మాత్రం ఆ రోజు ముద్ద దిగలేదు.

నేను 1969లో, పదహారేళ్ళప్పుడు, విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డులో పనికి కుదిరాను. మొదటి రెండేళ్ళూ కిరసనాయిలుతో సామాను కడగడం, మేస్త్రిగారు అడిగిన స్పానర్ అడిగిన క్షణంలో అందించడం, అంతే. స్టీరింగ్ మీద చెయ్యి వెయ్యడానికి నాకు నాలుగో ఏడు దాకా అనుమతి రాలేదు. ఇంజను పని ముందే నేర్పారు. "ఇంజను ఆగిపోతే బండి ఆగుతుంది. స్టీరింగ్ ఊడిపోతే బండి ఆగదు" అనేవారు మేస్త్రిగారు. బ్రేకులూ స్టీరింగూ ఆయన చివర్న నేర్పే పాఠాలు.

మా రోజుల్లో స్టీరింగ్ చక్రం మార్చడమంటే సోకు కాదు, గతిలేక చేసే పని. కోస్తా ఎండకి ఏళ్ళ తరబడి ఎండిన చక్రం పై పూత బీటలు వారేది. లోపలి ఇనుప కమ్మీ బయటపడి డ్రైవర్ల అరచేతులు గీసుకుపోయేవి. అప్పటికీ వెంటనే మార్చేవాళ్ళం కాదు. బీటల్లో ఎం-సీల్ కూరి, ఆరాక గరుకు కాగితంతో రుద్ది, నల్లరంగు వేసేవాళ్ళం. ట్యాక్సీవాళ్ళు దానిమీద ఆకుపచ్చదో పసుపుదో ప్లాస్టిక్ వైరు ఒత్తుగా చుట్టించుకునేవారు. ఆ వైరు చుట్టడమే బతుకుతెరువైన మనుషులు ఆటోనగర్లో ఉండేవారు. చుట్టు చుట్టుకీ మధ్య వెంట్రుక దూరేది కాదు. అన్ని విధాలా చెడ్డాకే కొత్త చక్రం.

అప్పటి చక్రం చేటంత ఉండేదంటే దానికి కారణం ఉంది. అంబాసిడర్‌కి గానీ ఫియట్‌కి గానీ పవర్ స్టీరింగ్ లేదు. ముందు చక్రాలు తిప్పే బలమంతా డ్రైవరు భుజాల్లోంచే రావాలి. చక్రం ఎంత పెద్దదైతే అంత తక్కువ బలంతో తిరుగుతుంది. తిరగలి దగ్గర మన ఆడవాళ్ళకి చదువు లేకుండానే తెలిసిన లెక్క అది. చక్రం కుదించావంటే ఆ కుదించిన మేరకు చేతులు బరువు మొయ్యాలి. కంపెనీవాడు గీసిన ప్రతి అంగుళానికీ ఒక లెక్క ఉంటుందని మాకు మొదట అర్థమైంది స్టీరింగ్ దగ్గరే.

మేస్త్రిగారు చక్రం మార్చే తీరు నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. బండిని చదునైన చోట పెట్టించి, ముందు టైర్లు సూటిగా ఉన్నాయో లేదో తానే వంగి చూసేవారు. బ్యాటరీ వైరు తీయించి, హారన్ మూత విప్పి, నట్టు వదులు చేసేవారు. పూర్తిగా ఊడదీసేవారు కాదు. రెండు మూడు చుట్లు అలాగే ఉంచి పుల్లర్ తగిలించేవారు. చక్రం ఒక్కసారిగా వదిలి వచ్చి మూతికి తగలకుండా ఆ నట్టే కాపు. సుత్తి పెట్టి కొట్టనిచ్చేవారే కాదు. ఒకసారి నా తోటివాడు కింద నుంచి సుత్తితో కొట్టబోతే ఆయన వాడి చేతిలోంచి సుత్తి లాక్కున్నారు. ఆ దెబ్బ షాఫ్టు మీదుగా కిందికి, స్టీరింగ్ గేరు పళ్ళ దాకా పోతుందని చెప్పారు. చక్రం తీసేముందు షాఫ్టు మీదా చక్రం మీదా ఒకే గీత పడేలా ఉలి మొనతో గుర్తు. మళ్ళీ ఎక్కించేటప్పుడు ఆ గీతా ఈ గీతా కలవాలి. షాఫ్టుకున్న సన్నటి పళ్ళలో ఒక్క పన్ను అటూ ఇటూ అయినా, బండి సూటిగా పోతుంటే చక్రం వంకరగా నిలబడుతుంది. పళ్ళని వేలి గోటితో తడిమి, ఎక్కడైనా అరిగిందనిపిస్తే చక్రం పక్కన పడేసేవారు. "పోనీలే" అన్న మాట ఆ పనిలో ఆయన నోట నేను వినలేదు.

అంతా అయ్యాక బండి తాళం ఓనరుకి ఇచ్చేవారు కాదు. బిగించినవాడే మొదట నడపాలి. అది మా షెడ్డు కట్టుబాటు. ఆటోనగర్ నుంచి గన్నవరం దాకా పోయి రావాలి. దారిలో ఖాళీ చోటు చూసి ఎడమకీ కుడికీ చివరిదాకా తిప్పాలి. తిరిగొచ్చాక మళ్ళీ మూత విప్పి నట్టు చూడాలి. నా చేత్తో బిగించిన మొదటి చక్రం పట్టుకుని నేనే గన్నవరం రోడ్డెక్కిన రోజు నాకు గుర్తుంది. నట్టు ఎంత గట్టిగా బిగించానా అని దారి పొడవునా అదే ధ్యాస. ఆ ధ్యాస పుట్టడానికే ఆయన ఆ నియమం పెట్టారని నాకు తర్వాత తెలిసింది.

సోకు చక్రాలు మేం ఎరగమని కాదు. మేస్త్రిగారు ఒక ఏడు నన్ను మద్రాసు దగ్గరి షోలవరం రేసులకి తీసుకువెళ్ళారు. పాత విమానాల రన్‌వే మీద కార్లు దూసుకుపోతుంటే గుండె ఆగినంత పనయ్యింది. అక్కడ మొదటిసారి చిన్న తోలు చక్రాలు చూశాను. ఇటలీలో మొరెట్టి అనే రేసు డ్రైవరు తన కోసం చేయించుకున్న లావుపాటి పట్టు చక్రంతోనే మోమో కంపెనీ పుట్టింది. ఫెరారీలో జాన్ సర్టీస్ అలాంటి చక్రం పట్టుకునే 1964లో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. గొప్ప వస్తువే. కానీ రేసు డ్రైవరు ఒంటికి బెల్టులు బిగించుకుంటాడు, నెత్తిన హెల్మెట్ పెట్టుకుంటాడు, చుట్టూ ఇనుప పంజరం కట్టించుకుంటాడు. ఆ చక్రం ఆ సరంజామాలో ఒక భాగం. మనవాడు చక్రం ఒక్కటే తెచ్చుకున్నాడు. అది కూడా ఆ కంపెనీదో, ఆ పేరు అతికించిందో దేవుడికెరుక.

1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. బండి తేలిక, కుర్రకారు మోజు. దానికి చిన్న చక్రాలు మేమూ వేశాం, నేనూ వేశాను. ఎన్ని వేశానో లెక్క లేదు. తప్పనిపించలేదు, ఎందుకంటే అప్పటి చక్రంలో తీసేస్తే పోయేది ఏదీ లేదు. అది ఒట్టి చక్రం. మధ్యలో హారన్ వైరు, అంతే. ఇవాళ్టి చక్రం ఒట్టి చక్రం కాదన్నదే ఇప్పటి కుర్రవాళ్ళకి నేను చెప్పేది.

ఎందుకింత బాధపడుతున్నానో చెప్పాలంటే ఒక చావు గురించి చెప్పాలి. మాకు తెలిసిన ట్యాక్సీ డ్రైవరు ఒకడు, పేరు రాయను, హనుమాన్ జంక్షన్ దగ్గర ఆగి ఉన్న లారీని గుద్దాడు. పెద్ద వేగం కాదు. ముందు అద్దం కూడా పూర్తిగా పగల్లేదు. కానీ అప్పటి బండ్లలో స్టీరింగ్ షాఫ్టు నిలువెల్లా ఒకే కమ్మీ. ముందు నుంచి దెబ్బ తగిలితే ముడుచుకోదు, ఈటెలా వెనక్కి వస్తుంది. అమెరికాలో 1968 నుంచే దెబ్బకి ముడుచుకునే షాఫ్టు కార్లకు తప్పనిసరి చేశారు. మన దాకా రావడానికి చాలా కాలం పట్టింది. అతను రెండో రోజు ఆసుపత్రిలో పోయాడు. బండిని మా షెడ్డుకే లాక్కొచ్చారు. స్టీరింగ్ చక్రం మనిషి ఛాతీ ఆకారంలో లోపలికి వంగి ఉంది. మేస్త్రిగారు దాన్ని విప్పి, చాలాసేపు చేతుల్లో పట్టుకుని, ఏమీ అనకుండా గోడకి తగిలించారు. షెడ్డు మూసేదాకా అది అక్కడే ఉంది.

అక్కడ ఒక గాలి తిత్తి ఉండి ఉంటే అతను బతికేవాడు. అతని పిల్లలు చదువు మానేసేవాళ్ళు కాదు. 2019 జూలై 1 నుంచి మన దేశంలో ప్రతి కొత్త కారుకీ డ్రైవరు ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అన్న వార్త చదివిన రోజు నాకు ఆ వంగిన చక్రమే కళ్ళముందు మెదిలింది. గుద్దిన క్షణంలో, సెకనులో సుమారు ముప్పయ్యో వంతులో తిత్తి ఉబ్బి మనిషికీ ఇనుముకీ మధ్య నిలబడుతుంది. సీటు బెల్టుతో కలిసి పనిచేస్తుంది. మా తరం చేతులు జోడించి అడుక్కున్నా దొరకని వరం. దాన్ని ఎర్ర దారం కుట్టు కోసం ఊడదీసి డిక్కీలో పడేశారు.

ఇంకా మండిపోయింది ఎక్కడంటే, ఇంజను తాళం తిప్పితే ఎయిర్‌బ్యాగ్ లైటు మామూలుగానే వెలిగి, మామూలుగానే ఆరింది. ఉండాల్సిన తిత్తి లేకపోతే ఆ లైటు వెలుగుతూనే ఉండాలి. షాపుకి ఫోన్ చేయించాను. అవతలివాడు చాలా మామూలుగా చెప్పాడు, "లైటు ఇబ్బంది పెట్టకుండా చిన్న రెసిస్టర్ పెట్టాం సార్" అని. రూపాయి ఖరీదు చేసే ముక్క. తిత్తి ఉన్నట్టు కంప్యూటర్‌ని నమ్మించడానికి. మా కాలంలో పనిలో పొరపాట్లు జరిగాయి, నేనూ చేశాను. కానీ ప్రమాదం ఉందని చెప్పే దీపం నోరు కట్టేసి డబ్బు తీసుకున్నవాడిని నేనెరగను.

విప్పి చూస్తే మిగతా కథ బయటపడింది. చక్రం ఒక పన్ను పక్కకి ఎక్కించారు, అందుకే మావాడు హైదరాబాదు నుంచి విజయవాడ దాకా వంకర చక్రంతో వచ్చాడు. చక్రం వెనక గడియారపు స్ప్రింగులా చుట్టి ఉండే సన్నటి వైరు పట్టీ ఒకటి ఉంటుంది, క్లాక్ స్ప్రింగ్ అంటారు. చక్రం తిరుగుతున్నా ఎయిర్‌బ్యాగ్‌కీ హారన్‌కీ కరెంటు తెగకుండా అందించేది అదే. మధ్య స్థానం చూసుకోకుండా దాన్ని ఇష్టమొచ్చినట్టు తిప్పారు, పట్టీ తెగిపోయింది. ఇక డిక్కీలో తిత్తి సంగతి. దానిలో మందు ఉంటుంది, అక్షరాలా మందుగుండే. కంపెనీ పద్ధతిలో బ్యాటరీ తీసి, వాళ్ళు చెప్పినంతసేపు ఆగాకే దాన్ని ముట్టుకోవాలి. పక్కన పెట్టేటప్పుడు ముఖం పైకి ఉంచాలి. మీటరు పెట్టి పరీక్షించకూడదు. మావాడు దాన్ని జాకీ పక్కన బోర్లా పెట్టుకుని ఎన్ని వందల మైళ్ళు తిరిగాడో.

చట్టం కూడా చెబుతాను. కంపెనీ ఇచ్చిన నిర్దేశాలకి భిన్నంగా బండిని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అంటుంది. 2019 సవరణలో చేరిన 182ఏ ప్రకారం అనుమతి లేని ప్రతి మార్పుకీ ఓనరుకి ఆరు నెలల దాకా జైలు, లేదా అయిదు వేల జరిమానా, లేదా రెండూ. స్టీరింగ్ చక్రంలో ఆట 30 డిగ్రీలు దాటకూడదని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 98వది చెబుతుంది. మా మేస్త్రిగారు ఈ రూళ్ళు చదవలేదు. ఆయనకి అందులో సగం ఆట కనపడినా బండి షెడ్డు దాటేది కాదు.

కనుమ వెళ్ళగానే మావాణ్ణి వెంటబెట్టుకుని కంపెనీ వర్క్‌షాపుకి వెళ్ళాను. కొత్త క్లాక్ స్ప్రింగ్ వేశారు. రెసిస్టర్ పీకేశారు. డిక్కీలో దెబ్బలు తిన్న తిత్తిని నమ్మలేమన్నారు, కొత్తది తెప్పించారు. పాత చక్రం మళ్ళీ దాని స్థానంలో కూర్చుంది. సోకు చక్రానికి మావాడు పెట్టిన దానికి కొన్ని రెట్లు ఖర్చయింది. సగం నేనే ఇచ్చాను. అక్కడి మెకానిక్ కుర్రాడితో, "బాబూ, నువ్వే నడిపి చూపించు" అన్నాను. కాస్త వింతగా చూశాడు, కానీ కాదనలేదు. నేను పక్కన కూర్చున్నాను. రోడ్డు మీద చక్రం సూటిగా నిలబడింది.

మీ ఇంట్లో పిల్లల కారుకి బయట కొన్న స్టీరింగ్ ఉంటే, ఈ ఆదివారం ఆ డిక్కీ ఒకసారి తీసి చూడండి. లోపల ఎయిర్‌బ్యాగ్ పడి ఉంటే మీరు దాన్ని కదిలించవద్దు, మీ చేత్తో బిగించవద్దు. సోమవారం పొద్దున్నే కంపెనీ వర్క్‌షాపుకి ఫోన్ చేసి పరిస్థితి చెప్పండి, వాళ్ళు చెప్పినట్టు చెయ్యండి. కొత్త తిత్తి వేసేదాకా ఆ బండిని మీ పిల్లలకి ఇవ్వకండి.