లీటరు లెక్క

పొదుగు చూసి ఆవు పూటకి ఎన్ని లీటర్లు ఇస్తుందో చెప్పగలనని నాకు పొగరు. కుప్పం చుట్టుపక్కల పల్లెల్లో ఇదేం పెద్ద విద్య కాదు. ఇంటికో జెర్సీయో హెచ్చెఫ్ఫో ఉంటుంది, తెల్లారకముందే క్యాను పట్టుకుని పాలకేంద్రం దగ్గర వరసలో నిలబడతాం, మిషను ఫ్యాట్ ఎంతో చెబుతుంది, దాన్నిబట్టి డబ్బు. పాల గురించి నాకు తెలిసిందంతా అదే. ఆ తెలివితోనే, పురిటికొచ్చిన కూతురి పాలు కొలవబోయాను.

మొదటి రెండు మూడు రోజులు ముర్రుపాలు కొంచెమే వస్తాయనీ, బిడ్డ పొట్టకు అంతే చాలనీ ఆసుపత్రిలో నర్సమ్మ చెబితే బుద్ధిగా తలూపాను. మూడో వారంలో ఆ బుద్ధి పోయింది. సాయంత్రమైతే చాలు, బిడ్డ తాగుతుంది, ఏడుస్తుంది, మళ్ళీ రొమ్ము వెతుక్కుంటుంది. చూస్తే అమ్మాయికి మొదట్లో ఉన్న బిగువు లేదు, రొమ్ములు మెత్తబడ్డాయి. "పాలు ఇంకిపోయినాయి కదే" అన్నాను. పిల్ల మొహం వాడిపోయింది. అంతటితో ఊరుకున్నానా? గ్లాసు చేతికిచ్చి పిండమన్నాను. నేను కళ్ళప్పగించి చూస్తూ నిలబడితే, గ్లాసు అడుగు తడవడమే గగనమైంది. "చెప్పలా!" అన్నాను.

దూడను దూరంగా కట్టేసి, కొత్త మనిషి చెయ్యేస్తే ఎంత పాడి ఆవైనా పాలు చేపదు. నా పాలవిద్యలో ఇది మొదటి పాఠం. కన్నకూతురి దగ్గరికొచ్చేసరికి అదొక్కటే గుర్తుకు రాలేదు!

పాలపొడి డబ్బా తెప్పించాను. తల్లిపాలే బిడ్డకు శ్రేష్ఠమని డబ్బా మీదే ఉందని అమ్మాయి చదివి వినిపించింది. 1992 నాటి చట్టం ప్రకారం ఆ మాట అచ్చేయక తప్పదట, పసిబిడ్డ బొమ్మ మాత్రం వేయకూడదట. "అట్లాంటివి రాస్తానే ఉంటారులే" అని ఉగ్గుగిన్నె తీశాను. బిడ్డ కడుపునిండా తాగి మొద్దునిద్ర పోయింది. "చూసినావా, ఇన్నాళ్ళూ ఆకలికే ఏడ్చింది" అన్నాను, ఏదో పందెం గెలిచినట్టు. డబ్బాపాలు ఎక్కువయ్యేకొద్దీ బిడ్డ రొమ్ము పట్టడం తగ్గింది. పట్టడం తగ్గితే పాలు ఊరడమూ తగ్గింది. లేని కరువును నేనే తెచ్చిపెట్టాను. చాలదన్నట్టు బాలింత పత్యమని అమ్మాయి తాగే నీళ్ళకు కూడా కొలత పెట్టాను.

ఇంతలో ఊరి ఆశా వర్కరు బిడ్డను చూడ్డానికొచ్చింది. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డలను 42 రోజుల్లోపు వీళ్ళు ఆరుసార్లు ఇంటికొచ్చి చూడాలి. డబ్బా చూసింది, ఏమీ అనలేదు. "ఇది తెచ్చేదానికి ముందర బిడ్డ రోజుకెన్ని గుడ్డలు తడుపుతా ఉండె అక్కా?" అనడిగింది.

నాకు కోపమొచ్చింది. "పొద్దస్తమానం వాటిని ఉతికేదే నా పని. లెక్క ఎవరు పెడతారు?"

ఆ పిల్ల నవ్వింది. నోరు జారాక నాకూ వెలిగింది. అయిదో రోజు దాటిన బిడ్డ రోజుకు ఆరు గుడ్డలైనా తడిపితే, ఉచ్చ తెల్లగా ఉంటే, దొడ్డికి పసుప్పచ్చగా వెళ్తుంటే పాలు అందుతున్నట్టే. సాక్ష్యమంతా దండెం మీద ఆరేసి, నేను గ్లాసులోకి తొంగిచూశాను.

తర్వాత క్యాలెండరు వెనక దోపిన కార్డు తీయించింది. పుట్టినప్పుడు 2 కిలోల 800. వారానికి 2 కిలోల 700. పద్నాలుగో రోజు 2 కిలోల 870. పుట్టిన బిడ్డ మొదట కొంచెం బరువు తగ్గి, రెండు వారాల్లోపు మళ్ళీ పుంజుకోవడం మామూలేనట. ఆ తర్వాత రోజుకు 20, 30 గ్రాములు పెరిగితే చాలు. "ఇది డబ్బా ఇంట్లోకి రాకముందు రాసింది అక్కా" అంది. రొమ్ము మెత్తబడితే పాలు పోయినట్టు కాదు, బిడ్డ అవసరానికి తగ్గట్టు ఒళ్ళు సర్దుకుంటుంది. సాయంత్రాలు వదలకుండా తాగడం బిడ్డల తీరు. ఉచ్చ ముదురు పచ్చగా వచ్చినా, లేపినా లేవకుండా మగతగా పడున్నా, రెండు వారాలకీ పుట్టినప్పటి బరువుకు రాకపోయినా మాత్రం ఇంట్లో కూర్చోకుండా డాక్టరు దగ్గరికి పరుగెత్తాలని గట్టిగా చెప్పింది.

డబ్బా ఒక్కసారే మాన్పించలేదు. బరువు చూసుకుంటూ కొంచెం కొంచెంగా తగ్గించాం. రేయీపగలూ కలిపి ఎనిమిది నుంచి పన్నెండుసార్లు రొమ్ముకే పట్టించింది అమ్మాయి, రాత్రిళ్ళు మరీ. నేను మరచెంబు నిండా నీళ్ళు పక్కన పెట్టి, నోరు మూసుకున్నాను. పాలు తిరిగొచ్చాయి.

బిడ్డ బుగ్గలు చూసి ఇరుగుపొరుగు ఏం పెట్టినావని అడిగితే, వెల్లుల్లి కారం, మునగాకు పొరటు అని చెప్పాను. నాలుగిళ్ళ అవతల ఇంకో బాలింత ఇప్పుడు అదే తింటోందట. ఆమె అత్త నిన్న మా ఇంటికొచ్చి, ఎన్ని వెల్లుల్లి రెబ్బలు వేయాలని అడిగింది. పన్నెండు అన్నాను.