అగ్రస్థానాచార్యులు

పూర్వము వర్తకుడు తన సరుకు మంచిదని నలుగురకు తెలుపదలచినచో వీధివీధినా టముకు వేయించెడివాడు. తరువాతి కాలమున కరపత్రములు పంచెను. అటుపిమ్మట సినిమాహాలులో విరామసమయమున స్లైడు వేయించెను. ఈ మూడింటికిని సమానమైన సుగుణ మొకటి కలదు: టముకు మ్రోగినదో లేదో చెవికి తెలియును, కాగితము అందినదో లేదో చేతికి తెలియును, స్లైడు పడినదో లేదో, అంతకుముందే టీకొట్టునకు లేచిపోకుండిన యెడల, కంటికి తెలియును. ఇంద్రియములకు వేటికిని అందని ప్రచారమును కల్పించి, దానికి నెలవారీ రుసుమును విధించి, ఆపైన 18 శాతము జీఎస్టీని జోడించి, మూడు నెలల సొమ్ము ముందుగా పుచ్చుకొనెడి విద్య మాత్రము మన కాలమునకే దక్కినది. ఆ విద్యయందు ఆఱితేరిన మహానుభావులు ఇప్పుడు ప్రతి పట్టణమునను కలరు. వారి పేర్లు వేఱు, ఊళ్లు వేఱు, ప్రతిజ్ఞ మాత్ర మొక్కటియే: "మీ వెబ్‌సైటును గూగుల్‌లో నంబర్ వన్ చేసి చూపిస్తాం!" ఈ వాక్యము పలుకనిదే కాఫీకప్పు ముట్టని వీరికి అగ్రస్థానాచార్యులని పేరిడుచున్నాను.

వీరి గురుకులమును చూడగోరువారు హైదరాబాదున అమీర్‌పేటకు పోవలయును. మైత్రీవనము చుట్టునుగల సందులలో గోడకొక ఫ్లెక్సీ, మెట్టుకొక బాణపుగుర్తు. జావా చెప్పెడి గదికి పైయంతస్తున క్లౌడు, దాని పైయంతస్తున డిజిటల్ మార్కెటింగు. అచ్చట కొన్ని వారములు విద్యాభ్యాసము గావించి వెలువడిన ఆచార్యులవారి చంకలో ఒక ల్యాప్‌టాపును, జేబులలో రెండు ఫోనులును, చెవులలో తెల్లని బిరడాలును ఉండును. గూగుల్‌వారు ఇంటినుండియే వ్రాయవీలగునట్లు ఉచితముగ జరిపి, ఏడాదికి కాలము చెల్లిపోవునట్లు ఇచ్చెడి ప్రకటనల పరీక్షాపత్రమును పటము కట్టించి, వేంకటేశ్వరస్వామివారి పటమునకు ప్రక్కనే వ్రేలాడదీయుదురు. విజిటింగు కార్డుపై ఫౌండరు, సీఈఓ, గ్రోత్ హ్యాకరు, బ్రాండ్ స్ట్రాటజిస్టు అని నాలుగు బిరుదములుండును. ఆ సంస్థలో ఆ నలుగురు తప్ప మఱి యుద్యోగులు లేరు. ఆ నలుగురును వారే.

వీరు పనిచేయు తీరును రాజమహేంద్రవరమున మా బంధువుల పచ్చళ్ల దుకాణములో కన్నులార గాంచితిని. ఆ దుకాణపు పెద్దాయన ఆవకాయ, మాగాయ, గోంగూర సీసాలకెత్తి, అమెరికాలోని తెలుగువారికి కొరియరులో పంపుచు, మనుమని ప్రోద్బలమున ఒక వెబ్‌సైటును కూడ పెట్టించియుండెను. ఆచార్యులవారు వేంచేసి, ఆ సైటు చిరునామాను ఏదో యంత్రములో వేసి, అది క్షణమాత్రమున వెడలగ్రక్కిన ముప్పది పుటల నివేదికను బల్లపై పఱచిరి. దానినిండ ఎఱ్ఱగుర్తులే. పెద్దాయన కళ్లజోడు సవరించుకొనెను.

"సార్, మీ సైటు స్కోరు ఇరవై మూడు. చాలా డేంజర్లో ఉంది."

"నూటికా బాబూ?"

"నూటికే సార్. పైగా బ్యాక్‌లింకులు నిల్. డొమైన్ అథారిటీ ఆరు. మీ కాంపిటీటర్లు మిమ్మల్ని తినేస్తున్నారు."

"తినేది మా ఆవకాయేనండీ. పోయినేడు డల్లాసు వాళ్లు రెండోసారి అడిగి మరీ తెప్పించుకున్నారు."

"ఆవకాయ సంగతి తర్వాత చూద్దాం సార్. ముందు కీవర్డు సంగతి చూడాలి."

డొమైన్ అథారిటీ యనునది గూగుల్ వేసిన మార్కు కాదనియు, వేఱొక ప్రైవేటు కంపెనీ తన లెక్కప్రకారము వేసుకొనెడి అంచనాయనియు పెద్దాయనకు చెప్పువారెవరు? ఆఱు అను అంకె చెవిని పడగానే, మనుమడు లెక్కలపరీక్షలో తెచ్చిన మార్కులు జ్ఞప్తికి వచ్చినవి కాబోలు, మాఱుమాటాడక చెక్కుబుక్కు తీసెను.

మఱునాటినుండి సాహిత్యసృష్టి ఆరంభమయ్యెను. ముక్క యొకటి నాలుకపై వేసికొనకయే, ఆవపిండి ఎంతో కారమెంతో విచారింపకయే, ఆచార్యులవారు ఆవకాయపై నలువది వ్యాసములు ప్రకటించిరి. వానిలో నొకదాని ప్రథమవాక్యమిది: "అమెరికాలో బెస్ట్ ఆవకాయ ఆన్‌లైన్ కొనాలనుకునేవారు అమెరికాకు బెస్ట్ ఆవకాయ ఆన్‌లైన్ అమ్మే మా బెస్ట్ ఆవకాయ ఆన్‌లైన్ స్టోరులో బెస్ట్ ఆవకాయ ఆన్‌లైన్ కొనండి." మన ఆలంకారికులు పునరుక్తిని దోషముగ నెంచిరి, వీరు దానిని జీవనోపాధిగ నెంచుకొనిరి. "ఇది ఎవరు చదువుతారు నాయనా?" అని నేనడుగగా, "మనుషుల కోసం కాదండీ, గూగుల్ కోసం" అని శాంతముగ బదులిచ్చిరి. అంతటితో నాగక, చూచువారికి కనబడని కీవర్డుల పట్టీ యొకదానిని ప్రతి పుటకును వెనుకభాగమున చేర్చి, దానికి వేఱుగ బిల్లు వేసిరి. ర్యాంకుల నిర్ణయములో ఆ పట్టీని తాము పరిగణించుట లేదని గూగుల్‌వారు 2009లోనే బహిరంగముగ చెప్పియుండిరి. ఆ వార్త ఆచార్యులవారి బిల్లుపుస్తకమునకు ఇంకను చేరలేదు.

ఇందులకు మూలపురుషులను నిందించుట న్యాయము గాదు. లారీ పేజ్, సెర్గీ బ్రిన్ అను పరిశోధక విద్యార్థులిరువురు, 1998లో గూగుల్ సంస్థను స్థాపించుటకు ముందు, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున కనిపెట్టిన పద్ధతి మిక్కిలి సమంజసమైనది. ఒక పండితుని గ్రంథమును తక్కిన పండితులు ఎంతగ ఉదాహరింతురో దానినిబట్టి ఆ గ్రంథగౌరవమును గణించునట్లే, ఒక పుటకు తక్కిన పుటలనుండి ఎన్ని లింకులు, ఎట్టి గౌరవముగల తావులనుండి వచ్చుచున్నవో చూచి దాని స్థానమును నిర్ణయింపవలయునని వారి మతము. దానికే పేజ్‌ర్యాంకు అని పేరు. లింకనగా ఓటని తెలిసిన మఱుక్షణమున, ఓటును కొనవచ్చునని గ్రహించుటకు లోకమునకు వేఱొక గురువు అక్కఱలేకపోయెను. లింకులను వందల లెక్కన అమ్మెడి అంగళ్లు వెలసెను. తెల్లని పుటపై తెల్లని అక్షరములతో కీవర్డులు వ్రాసి, మనుష్యులకు మఱుగుపఱచి యంత్రమునకు మాత్రమే చూపెడి మాయ పుట్టెను. ఘనమైన సంస్థలును ఈ ఊబిలో దిగినవి: 2006లో బీఎండబ్ల్యూవారి జర్మనీ సైటు, యంత్రమునకొక పుటయు చూపరికొక పుటయు చూపినందులకు, గూగుల్ ఫలితములనుండి కొంతకాలము బహిష్కృతమయ్యెను, 2011లో అమెరికాలోని జేసీ పెన్నీ అను దుకాణసంస్థ, దాని సైటునకు పెట్టించిన దొంగలింకుల గుట్టును న్యూయార్క్ టైమ్స్ పత్రిక బయటపెట్టగా పైమెట్టునుండి క్రిందికి జాఱి, తన కేమియు తెలియదని పలికి, తన ఆచార్యులకు ఉద్వాసన చెప్పెను.

ఇట్టి కపటములను పట్టుటకై గూగుల్‌వారు 2011లో పాండా అనియు, 2012లో పెంగ్విన్ అనియు రెండు సవరణలను విడిచిరి. మొదటిది సారములేని వ్యాసములను, రెండవది కృత్రిమమైన లింకులను అణచునది. వీని ధాటికి ఎందఱో వర్తకుల సైటులు పుటలకు పుటలు వెనుకకు పోయినవి గాని ఆచార్యులవర్గమునకు రవ్వంత నష్టము వాటిల్లలేదు. తాము పెట్టించిన లింకులను తామే తీయించుటకు వారు కొత్త రుసుము నిర్ణయించిరి. పెట్టుటకును సొమ్మే, తీయుటకును సొమ్మే. గూగుల్ నిద్రించినను లాభమే, మేల్కొనినను లాభమే.

నెలాఖరున నివేదిక వచ్చును. అందు అమ్మకముల ప్రస్తావన యుండదు. ఇంప్రెషన్లు అను ఒక గీత మాత్రము ఆకాశమునకు ఎగబ్రాకుచుండును. అనగా ఎవరో ఏదో వెదకినప్పుడు ఆ ఫలితములలో సైటు పేరు కూడ కనబడినదన్న మాట, దానిని నొక్కిరని గాని, నొక్కినవారు సీసా కొనిరని గాని కాదు. "ఆర్డర్లు రావడం లేదేంటి బాబూ?" అని పెద్దాయన దీనముగ నడిగినచో, "ట్రాఫిక్ వచ్చేసింది సార్, కన్వర్షన్ నెక్స్ట్ ఫేజులో" అని అభయమిత్తురు. మొదటి స్థానమునకు నిదర్శనము చూపుమనినచో, తమ ఫోనులో దుకాణపు పూర్తిపేరును, వీధిపేరును, ఊరిపేరును చేర్చి టైపుచేసి, ప్రథమఫలితముగ ఆ దుకాణమునే చూపి, చిఱునవ్వు నవ్వుదురు. ఆ వీధిలో ఆ పేరుగల పచ్చళ్ల దుకాణము మఱియొకటి లేదు గనుక, పాపము, గూగుల్‌కు గత్యంతరము లేదు. "ఉత్తినే 'అమెరికాకు ఆవకాయ' అని కొట్టి చూపించు నాయనా" అని నేను కోరగా, "రిజల్ట్సు మనిషిని బట్టీ, ఊరిని బట్టీ మారుతుంటాయండీ" అని సెలవిచ్చిరి. ఆ మాట నిజమే. నిజమును ఆపద్ధర్మముగ మాత్రమే వాడుట వారి నియమము. ఆ చుట్టుపట్లనే మఱి మూడు పచ్చళ్ల దుకాణములు కలవనియు, ఆ మూడింటికిని అదే అగ్రస్థానము అదే నెలలో విక్రయింపబడినదనియు తరువాత తెలియవచ్చినది.

ఇంతటి ప్రచారధురంధరులు తమకు తాము ప్రచారమెట్లు చేసికొందురోయని విచారించితిని. మెట్రో స్తంభములకు అంటించెడి కాగితములు, తెల్లవాఱగనే వాట్సాప్ గ్రూపులలో శుభోదయముతో కూడ దిగెడి పోస్టర్లు, పెండ్లివిందులలో పెరుగన్నమువేళ చేతిలో పెట్టెడి కార్డులు, ఇవియే వారి సాధనములు. మఱి సొంత వెబ్‌సైటో? "క్లయింట్ల పనితో టైము దొరకడం లేదండీ."

ఈ వృత్తియందు ఉత్తములు లేరని నేననను. పిమ్మట కొంతకాలమునకు మనుమని సహాధ్యాయిని యొకతె ఆ దుకాణమునకు వచ్చెను. ఆమె మొట్టమొదట మాగాయ రుచిచూచెను. తరువాత ఫోనులో సైటు తెఱచి, పుట విచ్చుకొనుట కంతసేపు పట్టుటకు సీసాల ఫొటోలు మితిమీఱిన పరిమాణమున నుండుటయే కారణమని కనిపెట్టెను. అమెరికాకు కొరియరు ఖర్చెంతయో, ఎన్నిదినములకు చేరునో, నూనె కారకుండ ఎట్లు కట్టుదురో ఆ నలువది వ్యాసములలో ఎచ్చటను లేదని చూపెను. కట్టకడపట ఫోను నంబరు నొద్ద ఆగి, అంకెలను వ్రేళ్లపై లెక్కించి, "తాతగారూ, ఇందులో తొమ్మిదే ఉన్నాయండీ" అనెను. ఏడాది పొడవునను ఇంప్రెషన్లు ఆకాశమునంటిన ఆ సైటును చూచి ఒక్కరును ఫోను చేయకపోవుటకు కారణమప్పుడు బోధపడెను. ఆమె ఆ పదియవ అంకెను చేర్చి, వ్యాసములను చాలమట్టుకు తీసివేసి, "ఫలితం కనపడడానికి కొన్ని నెలలు పడుతుందండీ. ఫస్టు ప్లేసు మాత్రం నేను చెప్పలేను" అనెను. ఆమె వెడలిన తరువాత పెద్దాయన నావైపు తిరిగి, "పిల్ల మంచిదే గానీ, ఆ కుర్రాడిలా నంబర్ వన్ అని ధైర్యంగా అనదేంటండీ?" అని నిట్టూర్చెను. ఆచార్యులకు అన్నము పెట్టుచున్నది ఈ నిట్టూర్పే.

మొదటి స్థానమునకు ఎవరును హామీ ఇయ్యజాలరనియు, అట్టి హామీ ఇచ్చువారితో జాగ్రత్తగ నుండవలయుననియు, మంచి నిపుణుని పనికైనను ఫలము కనబడుటకు సాధారణముగ నాలుగు నెలలు మొదలుకొని ఏడాదివఱకు పట్టుననియు గూగుల్‌వారే తమ మార్గదర్శకములలో వ్రాసియున్నారు. సైటు స్థితిని చూచుకొనుటకు సెర్చ్ కన్సోలును, పటములో దుకాణమును నమోదు చేసికొనుటకు బిజినెస్ ప్రొఫైలును వారు ఉచితముగనే ఇచ్చుచున్నారు. కావున పాఠకమహాశయులారా, మీ గుమ్మమునకు అగ్రస్థానాచార్యులు వేంచేసినప్పుడు కాఫీ ఇచ్చి గౌరవింపుడు. చెక్కు వ్రాయుటకు ముందు మాత్రము, మీ సైటులోనున్న నంబరునకు మీరే యొకసారి ఫోను చేసి చూచుకొనుడు.